మామ, నేను, ఉప్పు నీళ్ళు

అండమాన్ నుంచి వచ్చి నాలుగు రోజులాయె. బ్యాగు దులిపినప్పుడల్లా ఇసుక రాలుతనే ఉంది. మామ చెప్పులు మా బాల్కనీల ఉప్పు పట్టి తెల్లగ అయి పడున్నయ్. మర్చిపోకముందే రాసి పెడ్దామని కూసున్న.

మామ అంటే మా ఆవిడ వాళ్ళ నాయిన. ఊరు ఖానాపురం మండలంల, పాకాల చెరువు కింద. ముదిరాజులు. మత్స్య సహకార సంఘంల నలభై ఏండ్ల సభ్యుడు. చెరువుల ఏ మూలకు ఏ చేప తిరుగుతదో నీళ్ళ రంగు చూసి చెప్తడు. అట్లాంటి మనిషి అరవై నాలుగేండ్లొచ్చినా సముద్రం చూడలే. "చూపిస్త మామా" అని పెండ్లైన కొత్తల నేనొక మాట అన్న. మొన్న మేడారం జాతరల గద్దెల ముందట, అంత జనంల, "సముద్రం చూపిత్తనంటివి గద అల్లుడా" అని అడిగిండు. అమ్మవార్ల ముందట అడిగినంక ఇగ తప్పించుకునుడు ఎట్ల?

విశాఖపట్నం పోతే ఒక రాత్రిల అయిపోయేది. కని మామకు ఒడ్డు మీద నిలబడి చూసుడు కాదు, గాలం వేసుడు కావాలె. నాకేమో దీవులు చూడాలని ఉండె. అప్పటిదాకా దీవి అంటే నాకు లక్నవరమే. వేలాడే వంతెన మీద నడిచి చెరువు నడిమిట్ల గుట్ట మీదికి చేరుడు. అండమాన్ల అసొంటివి వందలున్నయ్, జనముండేటియి ముప్పై చిల్లరేనట. మా ఆవిడ "మీ ఇద్దరే పోండ్రి, ఆ పడవల వాంతులు నాకొద్దు" అన్నది. ఆమె మాటే నిజమైంది, ముందుకు చెప్త.

ఫిబ్రవరి 8, జంగ్లీఘాట్

శంషాబాద్‌ల చెకింగ్ కాడ మామ బ్యాగు పక్కకు పెట్టిన్రు. ఏముందని అడిగితే మామ గొంతెత్తి "బంగారమున్నది సారూ, రెండు కిలోలు" అన్నడు. వెనక లైన్ల ఉన్నోళ్ళందరు తలలు తిప్పిన్రు. విప్పి చూపిస్తే మేడారం బెల్లం, అమ్మవార్లకు పెట్టే బెల్లాన్ని మా దిక్కు బంగారమనే అంటరు. అక్కడున్న తెలుగాయన నవ్వాపుకోలేక, పక్కాయనకు హిందీల చెప్పడానికి తిప్పలు పడ్డడు.

పోర్ట్ బ్లెయిర్ పేరు 2024 సెప్టెంబర్‌ల శ్రీ విజయపురం అయ్యింది. ఆటో ఆయన నుంచి బస్సు కండక్టర్ దాకా మాకు కలిసినోళ్ళు మాత్రం పాత పేరే అంటున్నరు. మేం బస చేసింది జంగ్లీఘాట్ కాడ, చేపల రేవుకు దగ్గర్ల. రూము రోజుకు 1,400. కిటికీ తీస్తే చేపల వాసన. నేను మూసిన, మామ తెరిసిండు. ఆరు రోజులు అదే పంచాయితి.

సాయంత్రం రేవు దిక్కు నడిస్తే నాలుగడుగులకొక తెలుగు మాట వినబడ్డది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవులల్ల దాదాపు 13 శాతం మంది తెలుగోళ్ళు. చేపల పని మీద ఉత్తరాంధ్ర నుంచి వచ్చి స్థిరపడ్డోళ్ళు మస్తుమంది. ఒక ఇంటి ముందట చేపలు కోస్తున్న ఒకామె, మా మాటలు విని కత్తిపీట మీది నుంచే అడిగింది.

"ఏటి బావూ, ఏ ఊరు మీది?"

"వరంగల్ అక్కా."

"అదెక్కడ? హైదరాబాద్ అవతలా?"

"ఇవతల."

అవతలా ఇవతలా అన్నది ఎక్కడి నుంచి చూస్తున్నవో దాన్ని బట్టి కదా అని తర్వాత తట్టింది. ఆమె తాత శ్రీకాకుళం దిక్కు నుంచి వచ్చిండట. ఆమె పుట్టింది ఇక్కడే, ఆ ఊరు ఒక్కసారి కూడా చూడలే. మాట మాత్రం అదే యాస. మామ ఆమె ముందట కూలబడి చేపల పేర్లు అడుగుడు మొదలు పెట్టిండు. ఇది సూర, ఇది కోనెం, ఇది పార. మామ తిరిగి బొచ్చె, రవ్వు, కొర్రమట్ట అని చెప్తే ఆమెకు ఒక్కటి తెల్వది. ఇద్దరు పుట్టినకాన్నుంచి చేపలతోనే బతికినోళ్ళు, ఇద్దరిది తెలుగే, ఒకరి చేప ఒకరికి తెల్వది!

ఆమె భర్తే మాకు తర్వాత పడవ నడిపిన సరంగు. ఆ రాత్రి వాళ్ళింట్లనే తిన్నం. పైసలు ఇస్తమంటె కోపం చేసింది, బెల్లం మాత్రం కండ్లకద్దుకొని తీసుకున్నది. సూర పులుసు, చింతపండు గట్టిగ పడ్డది. సూర ముక్క మాంసం లెక్కనే ఉంటది, ముల్లు ఏరుకునే పనే లేదు. చెరువు చేప తిని పెరిగిన మామకు ముల్లు లేని చేప నమ్మకం కుదరలే, ప్రతి ముక్క రెండుసార్లు విరిసి చూసిండు. తర్వాత సంచిల నుంచి చపాటా మిర్చి కారం తీసి పులుసుల కలుపుకున్నడు. ఆ ఎరుపు చూసి ఆమె "అమ్మో, కడుపు కాలిపోద్ది బావూ" అన్నది. మామ ఒక చెంచా ఆమె గిన్నెలేసిండు. రుచి చూసి మొఖం చిట్లించింది. "ఇదేటి, రంగే గానీ కారమే నేదు!" చపాటా అంటే అంతే మరి. మా దిక్కు దాన్ని టమాటా మిర్చి అంటరు, రంగు కోసమే కొంటరు. మామ జీవితంల మొదటిసారి తన మిర్చి తరఫున మాట్లాడలేక ఊకున్నడు.

ఫిబ్రవరి 9, తప్పు బస్సు

వండూరు పోవాలని మోహన్‌పురా బస్టాండ్‌ల ఎక్కినం. దిగింది చిడియాటాపుల. తప్పు నాదే. కండక్టర్ ఏమన్నడో వినకుంటనే తలూపిన. టికెట్ మీద రాసి ఉంది, చదవలే. మామ ఏమనలే, "బస్సు మంచిగుంది" అన్నడు. అది ఇంకా ఎక్కువ కుచ్చింది.

దారి తప్పినా పోయిన చోటు వృథా కాలే. ఒడ్డు పొడుగునా పెద్ద పెద్ద మాన్లు వేర్లతో సహా పడి ఎండకు వెలిసి ఎముకల లెక్క ఉన్నయ్. 2004 డిసెంబర్ 26 సునామీవట. మొసళ్ళుంటయ్, నీళ్ళల్లకు దిగొద్దని బోర్డు ఉంది. మామ ఆ బోర్డు మీది బొమ్మ చూసి "గీ నీళ్ళల్ల మొసలా? ఉప్పు తాగి బతుకుతదా?" అని ఆ రోజంతా అదే ఆలోచన. ఉప్పు నీటి మొసలి అని ఒక జాతే ఉన్నదని చెప్పినా నమ్మలే. చాయ్ పది రూపాయలు, బోండా పదిహేను. సాయంత్రం ఐదున్నరకే చీకటి పడుతుంటే మామ గడియారం చెవి కాడ పెట్టుకొని విన్నడు. తూర్పున ఇంత దూరం వచ్చినా టైము మన టైమే కదా, పొద్దు మాత్రం వాళ్ళది.

ఫిబ్రవరి 10, జాలీ బాయ్

ఈసారి టికెట్ మీద చదివే కూసున్న. దారిల సిప్పీఘాట్ వచ్చింది. రోడ్డు పక్క నీళ్ళు, నీళ్ళల్ల చచ్చిన చెట్ల మోడులు, వాటి మీద కొంగలు. సునామీ తెచ్చిన భూకంపానికి దక్షిణ అండమాన్ నేల మీటరు దాకా కుంగింది, వరి పండే పొలాలల్లకు సముద్రం వచ్చి మళ్ళ పోలేదు. పక్క సీటాయన చెప్తుంటే మామ కిటికీకి మొఖం ఆనించి చూసిండు. "మనం మిషన్ కాకతీయల పూడిక తీసి నీళ్ళు తెచ్చుకుంటిమి. వీళ్ళకు అడగకుంటనే వచ్చె" అన్నడు.

వండూరు కాడ మహాత్మాగాంధీ సముద్ర జాతీయ పార్కు. 1983ల పెట్టింది, 15 దీవులు, 280 చదరపు కిలోమీటర్లకు పైన. ఇక్కడ చేపలు పట్టుడు అసలే లేదు. పడవ ఎక్కేముందు ప్లాస్టిక్ మొత్తం గుంజుకుంటరు. నా నీళ్ళ సీసా పోయింది, బిస్కెట్ ప్యాకెట్ పోయింది, మామ తంబాకు పొట్లం పోయింది. దానికే ఆయన బాధ. తంబాకును కాగితంల పోసి ఇయ్యమని బతిమాలిండు. నీళ్ళకు స్టీలు సీసా కిరాయికి తీసుకున్నం, డిపాజిట్ కట్టి. నాకైతే ఇది నచ్చింది. జాతర అయినంక మేడారంల జంపన్నవాగు ఒడ్డు చూసినోళ్ళకు ఎందుకు నచ్చిందో చెప్పక్కర్లే.

ఇంకో సంగతి. మేం పోతున్న జాలీ బాయ్ దీవి ఏడాది పొడుగునా తెరిచి ఉండదు. కొన్ని నెలలు ఇది, వానల నెలలు రెడ్ స్కిన్ అనే ఇంకో దీవి. ఒకటి తెరిచినప్పుడు ఇంకోదానికి ఆరాం. "బీడు పెట్టినట్టు" అన్నడు మామ.

అద్దం అడుగున్న పడవల కూసోబెట్టిన్రు. పగడపు దిబ్బలు చూస్తుంటే మామ నోట మాట లేదు. నీలం, పచ్చ చేపలు గుంపులు గుంపులు. చిలక ముక్కు లెక్క నోరున్న చేపలు దిబ్బను కొరుకుతున్నయ్. అవి పగడపు రాయి మీది నాచు తింటయ్, రాయిని నమిలి పిండి చేసి ఇసుకగ విసర్జిస్తయ్, ఈ తెల్ల ఇసుకల వాటి పాలు మస్తుంటదని గైడు చెప్పిండు. మనం కాళ్ళు ముంచి మురిసిపోయే ఇసుక సంగతి అది. కొన్నిచోట్ల దిబ్బ బూడిద రంగుల చచ్చి ఉంది. 2010ల, మళ్ళ 2016ల నీళ్ళు వేడెక్కి పగడాలు తెల్లబడ్డయట. మామ అద్దం మీద చెయ్యి పెట్టి అట్లనే ఉండిపోయిండు. చెరువు ఎండిన ఏడు ఆయన ఇంటి ముందట ఇట్లనే కూసునేదని మా ఆవిడ చెప్తుంటది.

దిగినంక ఒడ్డు మీద మామ ఒక శంఖం లెక్క ఉన్న గవ్వ ఏరి తువ్వాల కొంగుల ముడి వేసుకున్నడు. ఊర్ల పెద్దమ్మ తల్లి గుడికట. గార్డు చూసిండు. తిట్టలే, రమ్మని చెయ్యి ఊపి, తువ్వాల విప్పించి గవ్వను ఇసుకల పెట్టిండు. "ఆగండి" అన్నట్టు వేలు చూపించిండు. నిమిషం కాంగనే గవ్వకు కాళ్ళొచ్చినయ్. లోపల ఎండ్రికాయ! ఖాళీ గవ్వ దొరికితే అందుల కాపురం పెట్టే జాతి అది. ఒళ్ళు పెరిగితే ఇంకో పెద్ద గవ్వ వెతుక్కుంటది. మనం ఏరుకొని వస్తే దానికి ఇల్లు లేదు. మామ రెండు చేతులు జోడించిండు, గార్డుకో ఎండ్రికాయకో తెల్వది.

ఫిబ్రవరి 11, 12, స్వరాజ్ ద్వీప్

పాత పేరు హావ్‌లాక్, 2018 డిసెంబర్‌ల మారింది. అందరు రాసేదే ఇక్కడ, రాధానగర్ బీచు, సూర్యాస్తమయం. అందంగనే ఉంది, నేను కొత్తగ చెప్పేది లేదు. పడవల నేను రెండుసార్లు కక్కుకున్న, మామ ఒకసారి.

మూడో నంబర్ ఊర్ల తిన్న అన్నం మాత్రం చెప్పాలె. ఇక్కడ ఊర్లకు నంబర్లు కూడా ఉన్నయ్, జనం ఎక్కువ తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కాందిశీకుల కుటుంబాలు. చేప ఆవపిండిల వండిన్రు. ప్లేటు 280. నాకు నచ్చింది. మామ ఒక ముద్ద తిని "పచ్చడిల చేప పడ్డదా, చేపల పచ్చడి పడ్డదా?" అని అడిగి, చపాటా కారం తీసిండు.

బీచు కాడ ఒక పిల్లగాడు చేపల వేటకు తీసుకపోత అన్నడు. "రెండున్నర వేలు, పెద్ద చేప గ్యారంటీ, కాగితాలు గీగితాలు ఏం అక్కర్లేదు." సరంగు చెప్పిన రేటుల సగం కూడా కాదు. నాకు ఆశ పుట్టింది, దాచుడు ఎందుకు. మామ ఒప్పుకోలే. "సంఘం కాగితం లేనోడు మన చెరువుల వల ఏస్తె ఏం జేత్తం?" అన్నడు. ఏం చేస్తరో నాకు తెలుసు. ఒకసారి అట్లాంటి వలను కాలబెట్టుడు నేను కండ్లారా చూసిన.

బారాటాంగ్ సున్నపు గుహలకు పోలేదు. ఆ రోడ్డు జరవాలు అనే ఆదివాసుల అడివిల నుంచి పోతది. కాన్వాయ్‌ల పోవాలె, ఆగొద్దు, ఫోటో తీయొద్దు, తినేటివి ఇయ్యొద్దు అని రూల్సున్నయ్. గుహల కోసమే పోయేటోళ్ళుంటరు, కాదన. నాతోని మాట్లాడిన ఇద్దరు టూరిస్టులు మాత్రం "వాళ్ళు కనబడతరా" అనే అడిగిన్రు, గుహల సంగతి ఎత్తనేలేదు.

ఫిబ్రవరి 13, పదిహేను బారల లోతు

తెల్లారుజామున నాలుగింటికి జంగ్లీఘాట్ రేవు. పూట వేటకు 7,000, డీజిల్, ఎర, ఐసు అన్ని కలిపి. సరంగు మేం అడగకముందే పడవ రిజిస్ట్రేషన్, లైసెన్సు ప్లాస్టిక్ కవర్ల నుంచి తీసి చూపించిండు. లైఫ్ జాకెట్లు వేసుకోకుంటె తాడు విప్పనన్నడు. మామ జీవితమంతా థర్మాకోల్ తెప్ప మీద తిరిగిన మనిషి. ఆ జాకెట్‌ల ఆయన కొత్త పెండ్లికొడుకు లెక్క బిగుసుకపోయి కూసున్నడు.

పార్కు దిక్కు గానీ, జరవాల అడివి ఒడ్డు దిక్కు గానీ పోనని సరంగు ముందే చెప్పిండు. లంగరు కూడా దిబ్బ మీద వెయ్యలే, పక్కన ఇసుక ఉన్న చోటు చూసి వేసిండు. దిబ్బ మీద పడితే ఇనుము ఒక్క దెబ్బకు ఎన్నో ఏండ్ల పెరుగుదలను పగలగొడ్తదట.

రాడ్లు లేవు. చేతి గేలమే. చెక్కకు చుట్టిన తాడు, కొసకు సీసం గుండు, కవళ్ళు అనే చిన్న చేప ముక్క ఎర. గేలాల మొనకున్న ముల్లును సరంగు ఆకురాయితోని అరగదీసి పెట్టిండు. వదిలెయ్యాల్సి వస్తే నోరు చిరగకుండ ఊడి వస్తదని. "చేప జారిపోదా?" అన్న నేను. "తాడు బిగువుంటే జారదు. జారితే మీ చెయ్యి సరిగ్గా నేదని" అన్నడు.

మామ తాడు వదిలి లోతు చూసిండు. పదిహేను బారలు. "పాకాల కట్ట మీద పాకాల కట్ట పెట్టినా అందదు" అన్నడు. ఐదు నిమిషాలల్ల ఆయనకు పార పడ్డది, కిలోన్నర ఉంటది. అది గుంజిన గుంజుడుకు మామ మొఖంల వచ్చిన నవ్వు, నా పెండ్లిల కూడ చూడలే. ఇంకో అరగంటకు ఎర్ర చేప ఒకటి. తర్వాత చిన్నయి నాలుగు వస్తే మామే ఊడదీసి నీళ్ళల్లేసిండు, ఆ పని ఆయనకు ఎవరు నేర్పక్కర్లే.

అప్పుడు పడ్డది నాకు. తాడు అరచెయ్యి కోసుకపోయింది. పైకి వచ్చేసరికి గోధుమ రంగు మచ్చల చేప, బొంత అంటరు దాన్ని, ఏడు కిలోలకు తగ్గదు. నేను ఫోన్ తీసి మామకు ఇచ్చిన. హన్మకొండల ఎవరెవరికి పంపాల్నో మనసుల లిస్టు కూడ అయిపోయింది.

సరంగు "ఇది ఒగ్గేద్దాం బావూ" అన్నడు.

మామకు అర్థం కాలే. మా దిక్కు ఒగ్గు అంటే మల్లన్న కథ చెప్పేటోళ్ళ డమరుకం. "గిప్పుడు ఒగ్గు కథ చెప్తవా?" అన్నడు. ఇడిసిపెట్టుడు అని నేను చెప్పినంక కోపమొచ్చింది. "మా చెరువుల చిన్నది ఇడుస్తం, పెద్దది పడ్తం. నువ్వు పెద్దదాన్ని ఇడవమంటవేంది?"

సరంగు చెప్పింది ఇది. బొంతలు పుట్టుడు ఆడవిగ పుడ్తయ్. బాగ పెరిగినంక కొన్ని మగవి అయితయ్. పెద్దయి అన్ని పట్టుకుంటపోతే దిబ్బ మీద మగదే మిగలదు, గుడ్లున్నా పిల్లలుండవు. ఆయన చిన్నప్పుడు వాళ్ళ నాయిన ఇదే చోట పొద్దుందాక ఇసొంటివి పడ్తుండేనట. ఇప్పుడు వారానికొకటి. మామ కోపం ఆడనే దిగింది. ఆడది మగదయ్యే ముచ్చట మొసలి ముచ్చట కంటె పెద్దది కదా. కని నమ్మిండు. చెప్పింది చేపలాయన కాబట్టి నమ్మిండనుకుంట.

వదులుడు కూడ అల్కటి పని కాదు. లోతుల నుంచి గబగబ గుంజితే చేప కడుపులోని గాలి ఉబ్బుతది. దాని కండ్లు బయటికొచ్చినయ్, కడుపు తిరగబడి నోట్లకొచ్చింది. అట్లనే నీళ్ళల్ల వేస్తే మునగదు, వెల్లకిల తేలుతది, గద్ద ఎత్తుకపోతది. సరంగు సీసం గుండు కట్టిన తాడుకు ముల్లు లేని గేలాన్ని తలకిందులుగ తగిలించి, చేప కింది పెదవికి పెట్టి, మెల్లగ కిందికి దింపిండు. లోతుకు పోయినకొద్ది ఒత్తిడికి ఆ గాలి మళ్ళ కుంచించుకపోతదట. పది బారలు, పన్నెండు బారలు. ఒక్క గుంజు గుంజితే గేలం ఒట్టిగ పైకి వచ్చింది. కింద బతికిందా లేదా అని ముగ్గురం నీళ్ళల్లకే చూస్తున్నం. నీళ్ళేం చెప్తయ్?

ఫోటో తీసుడు మామ మర్చిపోయిండు. ఫోన్ చేతులనే ఉంది.

కొంచెం సేపైనంక మామ అడిగిండు. "ఇడిసిపెట్టేదాన్ని గంత లోతుల నుంచి గుంజుడు ఎందుకు?" సరంగు నవ్వలే. ఫోటో కోసమే వచ్చే పార్టీలుంటయట, పూటకు ఇరవై చేపలు పట్టి ఇరవై వదిలేసి, చేపలకు మేలు చేసినమని మురుసుకుంట పోతరట. అవి ఎన్ని బతికినయో ఎవరు లెక్క పెట్టరు. నా సంగతి నేను చెప్పుకోవాలె. ఆ బొంతను గుంజేటప్పుడు నాకు కూర యాదికి రాలే, ఫోటోనే యాదికొచ్చింది. రెండు చేపలు పెట్టెల ఉన్నయ్, నలుగురికి కూరకు సరిపోతయ్. మామ తాడు చెక్కకు చుట్టుడు మొదలు పెట్టిండు. నేను కట్టిన పైసలల్ల ఇంకా రెండు గంటల వేట ఉండె, నోరు తెరవలే.

తిరుగు దారిల ఇద్దరి వేట సెలవుల ముచ్చట. తూర్పు తీరానికి, ఈ దీవులకు కూడ, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా లోతు సముద్రంల వేట బందు. సరంగు కూడ అప్పుడు పడవ ఒడ్డుకు గుంజి రంగేసుకుంటడట. మామ "మాకు జూలై, ఆగస్టు. కొత్త నీళ్ళొచ్చి చేప గుడ్లు పెట్టే టైము" అన్నడు. సంఘంల పడనోళ్ళు ఉంటరా అని సరంగు అడిగిండు. "ఉండకుంటరా" అని మామ పేర్లతో సహా మొదలు పెట్టిండు, అవి ఇక్కడ రాయలేను.

ఆ పూట వండింది మామే. పార పులుసు, చపాటా కారం, ఆమె ఇచ్చిన పచ్చిమిర్చి పది.

ఫిబ్రవరి 14, విమానాశ్రయం

మా ముందు లైన్ల ఒక కుటుంబం బ్యాగు నుంచి పగడపు ముక్కలు, పెద్ద గవ్వలు తీసి పక్కన పెట్టిస్తున్నరు. పగడాలు, కొన్ని జాతుల గవ్వలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికొస్తయ్. ఏరుకున్నా, కొనుక్కున్నా తప్పే. ఆ పిల్ల ఏడుస్తుంటే మామ ఆమె కాడికి పోయి, అందుల ఎండ్రికాయ కాపురముంటదని చేతులతోని చేసి చూపిస్తున్నడు. ఆ పిల్లకు తెలుగు రాదు.

మొత్తం ఖర్చు ఇద్దరికి 64,000 దాటింది. మామ తన వాటా కింద పదివేలు తువ్వాల కొంగుకు కట్టుకొచ్చిండు. నేను తీసుకోలే, ఆయన మా బ్యాగుల కుక్కిండు, ఇంటికొచ్చినంకనే చూసిన.

ఫిబ్రవరి 17, పాకాల

సంఘం మెట్ల మీద మామ చుట్టు ఇరవై మంది. ఆడది మగదైతదంటె ఒక్కడు నమ్మలే. "ఫోటో ఏది?" అని అడిగిన్రు. "అల్లుడు ఇడిసిపెట్టిండు" అన్నడు, ఫోటో సంగతో చేప సంగతో చెప్పకుంట.

ఇప్పుడే సరంగు ఫోన్ చేసిండు. పడవ కట్టేసినంక, మే నెలల పాకాల చూడనీకి వస్తడట. "మేల చెరువు అడుగంటుతది, ఆగస్టుల రా" అన్నడు మామ. ఆగస్టుల వలలు ముట్టరు కదా, వచ్చి ఏం చేస్తడని నేనడిగిన. "ఏం జేత్తం, కట్ట మీద కూసుంటం" అన్నడు. ఆగస్టుల సరంగుకు వేట నాలుగు పైసలొచ్చే టైమట. ఇద్దరు అరగంట నుంచి నెలలు లెక్క పెడ్తున్నరు. అండమాన్ శానా దూరం కాబట్టి మామ ఫోన్ల గట్టిగ అరుస్తున్నడు.